నలభై రెండో కార్డు

"జేబు చూడకుండా ఏదీ నానబెట్టకే, గుంటా"
అని మా అమ్మ బంగారమ్మ వందసార్లు చెప్పింది.
ఆ రోజు చూడలేదు.
ఓడ నుంచి దిగిన పదకొండు మూటల్లో
ఒక వంటవాడి తెల్ల చొక్కా,
సోడా నీళ్ళలోంచి తీసి పిండబోతే
చేతికి అట్టలా తగిలింది.

రాత కరిగిపోయింది.
ఎవరికి రాశాడో, ఏమని రాశాడో
నీలంగా నా వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది.
తిప్పి చూస్తే రెండు కాళ్ళ మీద నిలబడ్డ జంతువు,
దాని పొట్టకి జేబు,
జేబులోంచి తొంగి చూస్తూ పిల్ల.
దీన్ని ఉతికేవాళ్ళెవరో గాని
తప్పకుండా చూసుకోవాలి, అనుకున్నాను.

క్లిప్పు పెట్టి చొక్కాల మధ్య ఆరేశాను.
రేవు గేటు దగ్గర మూట అందుకుంటూ
రోడెల్ ఆ అట్టని చూశాడు, నన్ను చూశాడు.
తిడతాడనుకున్నాను.
నవ్వి నా చేతిలోనే పెట్టేశాడు.
"ఆస్ట్రేలియా" అన్నాడు
బొగ్గు కుప్పల వైపు గడ్డం ఎత్తి.
బొగ్గుకీ జంతువుకీ ఏం సంబంధమో
అప్పుడు నాకు తెలీలేదు.

ఆ తర్వాత ఓడ వచ్చినప్పుడల్లా ఒకటి.
బాతు మూతి తగిలించుకున్న నీటి జంతువు,
గుడ్లూ పెడుతుందట, పాలూ ఇస్తుందట.
టైలర్ ఖాసిం కళ్ళజోడు నుదుటికెక్కించి చూసి
"మిగిలిన పీలికలతో కుట్టేశాడమ్మా పైవాడు,
పండగ ముందురోజు పని అయ్యుంటుంది" అన్నాడు.
బయలు మధ్య ఒంటరిగా ఒక ఎర్ర కొండ,
ఎవరో దించి మరిచిపోయిన మూటలాగ.
ఎర్రమట్టి దిబ్బలు మనకీ ఉన్నాయి భీమిలి దారిలో,
వాటి మీద ఇంత ఆకాశం లేదు.
చెట్టుని కావలించుకుని నిద్రపోయే బొద్దు మొహం ఒకటి.
సముద్రం అడుగున పూసిన రాళ్ళు.

మా పెళ్ళి ఆల్బంలో ఫొటోలు తొమ్మిదే.
మిగతా పేజీలన్నీ ఆస్ట్రేలియా.
"మరి ఎప్పుడెళ్దాం?" అనేవాడు అసిరయ్య,
ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఊదుతూ, నవ్వకుండా.

వన్‌టౌన్‌లో తెల్లబట్ట రెండు గంటల మాట.
గాలి రేవు వైపు నుంచి తిరిగిందా,
తీగ మీద దుప్పట్లకి బూడిద రంగు.
కిటికీ అంచు మీద, అన్నం గిన్నె మూత మీద,
పడుకున్న పిల్లల రెప్పల మీద కూడా
మెత్తటి నలుపు.
డాల్ఫిన్ కొండ మీద లైట్‌హౌసు
ఆ వేళకి మసక చుక్క.

ఒక రాత్రి ఆల్బం అట్ట తుడుస్తున్నాను.
గుడ్డ నల్లబడింది.
ఆ నల్లని గుడ్డని చాలాసేపు చూశాను.
రోజూ ఊడ్చి బయట పారబోస్తున్నది కూడా
ఆ దేశమే.
అదే ఓడలో, అదే నీళ్ళ మీద,
టిక్కెట్టు లేకుండా మా ఇంటికి.

నలభై ఒక్క కార్డుల్లో
ఒక్కదాంట్లోనూ గొయ్యి లేదు.

రోడెల్‌కి చేతులతో చెప్పాను,
తవ్వుతున్నట్టు, ఎత్తుతున్నట్టు,
ఆ చోటు బొమ్మ ఉంటే తెమ్మని.
మళ్ళీ వచ్చినప్పుడు ఉత్త చేతులు చూపించాడు.
నాలుగు కొట్లు తిరిగాడట.
అది అచ్చు వెయ్యరట.
ఆ ఓడ ఇప్పుడు రావడం లేదు.
మొదటి కార్డు ఎవరికి రాశాడో
నేను అడగనే లేదు.

నిన్న పాత పోస్టాఫీసులో ఉత్త కార్డొకటి కొన్నాను.
చిరునామా గీతలు కిందికి పెట్టి
కిటికీ అంచు మీద ఉంచి
ఎగిరిపోకుండా మూలకి ఒక గులకరాయి.
తెల్లారేసరికి పూర్తయింది.
జంతువు లేదు, కొండ లేదు, రంగు ఒక్కటే.
రాయి తీసిన చోట మాత్రం
గోరంత తెలుపు.

ఊదలేదు. దులపలేదు.
ఊపిరి బిగబట్టి ఆఖరి పేజీలోకి జరిపి
పైన ప్లాస్టిక్ కాగితం మూశాను.
గాలి తిరిగినట్టుంది.
తీగ మీద దుప్పట్లున్నాయి, వెళ్ళాలి.